ఏ ఊళ్లో ఉందాం?

రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా మొదలవుతుంది ఈ చర్చ. మొదట సరదాగానే. ‘‘మా ఊరెళ్లిపోదాం, కొబ్బరిచెట్ల మధ్య చిన్న ఇల్లు కట్టుకుందాం’’ అంటారాయన. ‘‘మీ ఊళ్లో ఇప్పుడెవరున్నారని?’’ అంటారావిడ. అమెరికాలో ఉన్న అబ్బాయి ‘‘వైజాగ్ అయితే బాగుంటుంది నాన్నా’’ అని ఫోన్లోనే తేల్చేస్తాడు. బెంగళూరులో ఉన్న అమ్మాయేమో ‘‘అనంతపురమో హిందూపురమో అయితే నేను వారం వారం రావచ్చు కదా’’ అంటుంది. ఈలోగా బావమరిది దిగుతాడు. తిరుపతిలో తను కొన్న స్థలం పక్కనే ఇంకో స్థలం అమ్మకానికుంది మరి!

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్నే రాదు. బదిలీ ఎక్కడికైతే మన ఊరు అదే. పిల్లల కాలేజీ ఎక్కడుంటే ఇల్లు అక్కడే. ముప్ఫై అయిదేళ్లపాటు ఊళ్లే మనల్ని ఎంచుకున్నాయి. ఇప్పుడు మొదటిసారి మనం ఒక ఊరిని ఎంచుకోవాలి. చేతిలో గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బులుంటాయి. జీవితంలో ఒక్కసారే వచ్చే డబ్బు అది. సరిపడని ఊళ్లో ఇల్లు కట్టేస్తే మళ్లీ ఇంకో ఊళ్లో కట్టే వయసూ ఉండదు, డబ్బూ ఉండదు. అందుకే ఇది కూతురి పెళ్లంత పెద్ద నిర్ణయం. కానీ చాలా ఇళ్లలో దానికిచ్చే సమయం... ఒక ఆదివారం!

ఒక రాష్ట్రం... ఎన్ని లోకాలో

ఆంధ్రప్రదేశ్‌లోనే ఎంచుకుందాం అనుకున్నా అదేం చిన్న సంగతి కాదు. లక్షా అరవై వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. సుమారు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం. ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురంలో బయల్దేరి తమిళనాడు, కర్ణాటకల కూడలిలో ఉన్న కుప్పం చేరాలంటే రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలను 26 చేసినప్పుడు చాలామందికి తాముండే జిల్లా పేరే మారిపోయింది.

పేర్ల సంగతి అలా ఉంచితే మట్టి, నీళ్లు, వాన, మాట... అన్నీ మారతాయి. శ్రీకాకుళంలో ‘ఏటి’ అని పలకరిస్తే, గోదావరి గట్టున ‘ఆయ్’ అని గౌరవిస్తారు. అనంతపురంలో ‘ఏమప్పా’ అంటే అది ఆప్యాయతే. అలవాటు లేనివాళ్లకు మొదట్లో మొరటుగా వినిపిస్తుంది. ఒకచోట రోజూ వరన్నం, ఇంకోచోట రాగిసంగటి. ఒకచోట ఊరి మధ్యలోంచి కాలువ పారుతుంది, ఇంకోచోట మంచినీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసలో ఉంటాయి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఉత్తరాంధ్ర తీరంలో దానికి దాదాపు రెట్టింపు. ఇక నెల్లూరు, తిరుపతి వైపు వానాకాలం క్యాలెండరే వేరు. మిగతావాళ్లు గొడుగులు మడిచి పెట్టేశాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వాళ్లకు అసలు వానలు మొదలవుతాయి.

కాబట్టి ‘ఏ ఊరు బాగుంటుంది?’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘ఎవరికి బాగుంటుంది?’ అని అడగాలి. ఇంకో మాట కూడా అడగాలి. దాని సంగతి చివర్లో చెప్పుకొందాం.

చెడ్డ నెలలో చూడండి

మనం ఊళ్లు చూసేది ఎప్పుడు? సంక్రాంతికి గోదావరి జిల్లాలు, కార్తీకమాసంలో అరకు, డిసెంబరు సెలవుల్లో విశాఖ. అంటే ప్రతి ఊరినీ అది ముస్తాబైన రోజునే చూస్తాం. పెళ్లిచూపుల్లో అమ్మాయిని చూసినట్టు! ఉండబోయేది మాత్రం పన్నెండు నెలలూ. అందుకే ఏ ఊరినైనా దానికి గడ్డుకాలం అనదగ్గ నెలలో ఒకసారి చూడాలి.

విజయవాడ, గుంటూరు, ఒంగోలు మీద మనసుంటే మే నెలాఖరులో వెళ్లండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత అక్కడ ఒట్టి మాట కాదు. ఎండలు ముదిరితే 45 డిగ్రీలకు అటూఇటూ వెళ్తుంది. పల్నాడులో రెంటచింతల పేరు పేపర్లో వచ్చేదే ఎండల వల్ల. పొద్దున తొమ్మిదికే తలుపులు మూసుకుని, సాయంత్రం ఆరుకు తెరవాల్సిన రోజులవి. బీపీ మాత్రలు వేసుకునే మనిషి ఆ నెలన్నర ఎలా గడుపుతారన్నది ఒకసారి అక్కడుండి చూస్తేనే తెలుస్తుంది.

విశాఖలో సముద్రపు గాలి వల్ల పాదరసం అంత పైకి పోదు. కానీ ఉక్కపోత ఒంటికి అంటుకునే ఉంటుంది. పైగా అక్టోబరు అంటే అక్కడివాళ్లు కాస్త ఆకాశం వైపు చూస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం మీదికే వచ్చింది. చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు లేక, ఆరో అంతస్తులో లిఫ్టు ఆగిపోయిన పెద్దవాళ్ల అవస్థ అది చూసినవాళ్లకే తెలుసు. ‘సీ వ్యూ’ ఫ్లాటుకు ఎక్కువ డబ్బు పెట్టేముందు ఈ ‘వ్యూ’ కూడా గుర్తుండాలి.

నదుల పక్కన ఊళ్లకు నదుల జ్ఞాపకశక్తి ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలాల్సి వచ్చింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ‘సీమలో వరదేమిటి’ అనుకున్నవాళ్ల ఇళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి. కాబట్టి ఊరు మాత్రమే చూస్తే సరిపోదు. ఏ పేట, ఏ వీధి అన్నదీ చూడాలి. స్థలం చూపించే మధ్యవర్తి ఈ సంగతులు చెప్పడు. అదే వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి. నీళ్లు ఎంతవరకూ వచ్చాయో గోడ మీద వేలు పెట్టి చూపిస్తాడు.

చల్లటి ఊళ్లలో...

ఎండ పడదనేవాళ్లకు వెంటనే తట్టేది అరకు. సముద్రమట్టానికి తొమ్మిదొందల మీటర్ల ఎత్తు, కాఫీ తోటలు, పొగమంచు... ‘అక్కడో పావెకరం కొనేసి...’ అని కలలు కనే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అరకు, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి... ఇవన్నీ షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అంటే అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే చట్టం అమల్లో ఉంది. గిరిజనేతరులు అక్కడ భూమి కొనడం చెల్లదు. గిరిజనుడి దగ్గరే కాదు, మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. గిరిజనుల భూమి వాళ్ల చేతుల్లోంచి జారిపోకుండా పెట్టిన చట్టం అది. ‘మనకు తెలిసినవాళ్లున్నారు, పర్లేదు’ అని ఎవరైనా కాగితం చూపిస్తే, ఆ కాగితంతోపాటు మీ పీఎఫ్ డబ్బులు కూడా పోయినట్టే.

ఆ చల్లదనం కొంతైనా కావాలంటే చట్టం అడ్డురాని ఊరు మదనపల్లె. దాదాపు 700 మీటర్ల ఎత్తు. ఎండాకాలంలోనూ రాత్రిళ్లు గాలి తేలిగ్గా ఉంటుంది. అక్కడి పొడి వాతావరణం చూసే క్షయరోగుల కోసం పక్కనే ఆరోగ్యవరంలో శానిటోరియం పెట్టారు. వందేళ్ల కిందటి మాట అది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఆంగ్లంలోకి అనువదించింది కూడా ఈ ఊళ్లోనే. టమాటా మార్కెట్టు సరేసరి. బెంగళూరు, తిరుపతి రెండూ సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అయితే రైలెక్కాలంటే మాత్రం స్టేషన్ ఊరికి దూరం. పెద్ద వైద్యం కావాలంటే ఆ 120 కిలోమీటర్లూ వెళ్లాలి.

నీళ్లెక్కడివి?

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మనం మార్బుల్ చూస్తాం, మాడ్యులర్ కిచెన్ చూస్తాం. కుళాయి తిప్పి చూసేవాళ్లు తక్కువ. తిప్పినా, ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయని అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

డెల్టా అంటే నీళ్లకేం లోటనుకుంటాం. నిజమే, కాలువలో నీళ్లుంటాయి. ఎండాకాలంలో ఆ కాలువ కట్టేస్తారు. అప్పుడు ముందుగా నింపి పెట్టుకున్న చెరువులే ఊరికి దిక్కు. భీమవరం వైపు చేపలు, రొయ్యల చెరువులు పెరిగాక భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం క్యాను కొనాలి. కనిగిరి ప్రాంతాన్ని ఫ్లోరైడ్ దశాబ్దాలుగా పీడించింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పచ్చటి కొబ్బరితోటల మధ్యే కిడ్నీ జబ్బు ఇంటింటినీ తాకింది. కారణం ఇదీ అని తేలకముందే వేలమంది మంచాన పడ్డారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. వంశధార నీటిని ఇంటింటికీ తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్ల సంగతి వేరు. అరవై ఏళ్లు దాటాక కొత్తగా వెళ్లేవాళ్లు మాత్రం బోరు నీటిని పరీక్ష చేయించకుండా పునాది తీయకూడదు.

మూడు ప్రశ్నలు చాలు. మునిసిపాలిటీ నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా? ఏప్రిల్, మే నెలల్లో ఎలా? బోరు ఎన్ని అడుగులు? ఈ మూడింటికీ జవాబు ఇంటి యజమాని చెబితే నమ్మకండి. పక్కింటావిడ చెబితే నమ్మండి.

డాక్టరుకెంత దూరం?

పెద్దాసుపత్రి ఏ ఊళ్లో ఉందో అందరూ చూస్తారు. విశాఖలో వందేళ్లు దాటిన కింగ్ జార్జ్ ఆసుపత్రి, హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. విజయవాడ-గుంటూరు మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. తిరుపతిలో స్విమ్స్, ఎముకలకు బర్డ్ ఉన్నాయి. పుట్టపర్తిలో 1991లో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట, నెల్లూరు పొగతోట వీధుల్లో నడిస్తే ఇంటికో డాక్టరు బోర్డు కనిపిస్తుంది.

కానీ అరవై దాటినవాళ్ల జీవితంలో పెద్దాసుపత్రికి వెళ్లే రోజులు కొన్నే. మిగతా రోజులన్నీ చిన్న డాక్టరువి. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ‘ఆ మాత్ర సగం వేసుకోండి, పొద్దున రండి’ అనే మనిషి ఊళ్లో ఉన్నారా? మందుల షాపు నడిచి వెళ్లే దూరంలో ఉందా? షుగర్ పరీక్షకు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారా? ఇవి రోజువారీ అవసరాలు.

ఇక గడియారంతో ముడిపడిన జబ్బులు కొన్ని ఉన్నాయి. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మంచిది. స్కానింగు ఉన్న ఆసుపత్రికి చేరడానికే మూడు గంటలు పడితే ఆ ఊరి కొబ్బరిచెట్లు ఏం చేయగలవు? కిడ్నీలు దెబ్బతింటే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. ప్రతిసారీ గంటన్నర బస్సు ప్రయాణమంటే అది ప్రయాణంలా ఉండదు, శిక్షలా ఉంటుంది. అందుకే పల్లెలో ఉండాలనుకునేవాళ్లకు ఒక లెక్క. స్కానింగు, గుండె వైద్యం ఉన్న ఊరు గంటలో చేరగలిగితే పల్లె పల్లేలాగే ఉంటుంది. అంతకు మించితే ఆలోచించుకోవాలి.

మరో సంగతి. మీ ఆరోగ్య కార్డు ఏ ఊళ్లో చెల్లుతుందో ముందే కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్, రాష్ట్ర ఉద్యోగులకు ఈహెచ్ఎస్... ఏదైనా సరే, ఆ పథకం కింద చూసే ఆసుపత్రి దగ్గర్లో లేకపోతే కార్డు బీరువాలో ఉన్నట్టే.

రైలు ఆగే ఊరు

కాకినాడకు ‘పెన్షనర్స్ ప్యారడైజ్’ అని ఎప్పటినుంచో పేరు. కారణాలున్నాయి. గీత గీసినట్టుండే తిన్నటి వీధులు, ఎత్తుపల్లాలు లేని నేల, సాయంత్రం నడకకు తీరం, రంగరాయ మెడికల్ కాలేజీ. ఎవరినడిగినా దారి చెప్పే మర్యాద. అయితే హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గం కాకినాడ మీదుగా పోదు, సామర్లకోట మీదుగా పోతుంది. చాలా రైళ్లకు సామర్లకోటలో దిగి మళ్లీ కాకినాడ రావాలి. నలభై ఏళ్ల మనిషికి అది లెక్కలోకి రాదు. డెబ్భై ఏళ్లకు, రెండు సంచులతో, అర్ధరాత్రి... లెక్కలోకి వస్తుంది.

రాజమహేంద్రవరం, విజయవాడ, నెల్లూరు నేరుగా ఆ మార్గం మీదే ఉన్నాయి. కోనసీమకు పచ్చదనం ఎంతైనా ఉంది గానీ అమలాపురానికి రైలు కోసం జనం దశాబ్దాలుగా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇటు హిందూపురం, అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు కొన్ని గంటల ప్రయాణం.

ఇదంతా ఎందుకంటే... మనం ఊరు చూసేటప్పుడు ఊళ్లోంచి ఎలా వెళ్తామో ఆలోచిస్తాం. పిల్లలు ఎలా వస్తారో ఆలోచించం. బెంగళూరులో శుక్రవారం రాత్రి బయల్దేరిన అమ్మాయి శనివారం పొద్దున కాఫీ వేళకు గుమ్మంలో ఉండగలిగితే నెలకోసారైనా వస్తుంది. రెండు రైళ్లు, ఒక బస్సు మారాలంటే సంక్రాంతికీ, దసరాకీ వస్తుంది. అమ్మాయి ప్రేమలో తేడా లేదు. టైంటేబుల్లో ఉంది తేడా.

మన ఊరు మనకోసం ఆగిందా?

చాలామంది మగవాళ్ల మనసులో ఒక ఊరుంటుంది. రావిచెట్టు, చెరువుగట్టు, పేరు పెట్టి పిలిచే మనుషులు. ఆ ఊరికి తిరిగి వెళ్లాలన్న కోరికను తప్పుపట్టలేం. కానీ మనం వదిలేసి వచ్చిన నాటి ఊరది. మనం ఉద్యోగాల కోసం వచ్చేసినట్టే మన ఈడువాళ్లూ వచ్చేశారు. ఇప్పుడు ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లకు మనం ఫలానా వాళ్ల అబ్బాయిమి. అంతే. ఆ ఫలానావాళ్లు తెలిసినవాళ్లు కూడా నలుగురో అయిదుగురో మిగిలి ఉంటారు.

పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల వాటాలు, ‘పట్నంలో బాగా సంపాదించుకొచ్చాడు’ అన్న చూపులు కూడా ఆ ఊళ్లోనే ఉంటాయి. పండక్కి వచ్చిన బంధువుకు దక్కే మర్యాద వేరు. ఏడాది పొడుగునా ఉండే పొరుగువాడికి దక్కేది వేరు. అయినా సొంతూరు వెళ్లి హాయిగా ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది చేసిన పని ఒకటే. ఉద్యోగంలో ఉండగానే ఏటా ఓ నెల అక్కడుంటూ, పెళ్లికీ చావుకీ వెళ్తూ, ఊరితో తాడు తెగకుండా చూసుకున్నారు. ముప్ఫై ఏళ్లు పట్టించుకోని ఊరు ముప్ఫై ఒకటో ఏట చేతులు చాచి ఎదురురాదు.

ఒక్కరే మిగిలితే...

ఇందాక ఇంకో మాట అడగాలన్నాం కదా, అది ఇదే. ఊరు ఎంచుకునేటప్పుడు ఎవరూ పైకి అనని మాట. అశుభమని నోట్లోనే ఆపేసుకునే మాట. ఇద్దరం ఉన్నన్నాళ్లూ ఏ ఊరైనా నడుస్తుంది. ఒక్కరే మిగిలిన రోజున ఈ ఊరు నడుస్తుందా?

మన ఇళ్లలో భర్తకన్నా భార్య వయసు నాలుగైదేళ్లు తక్కువ ఉండటం మామూలు. ఆడవాళ్ల ఆయుర్దాయమూ కాస్త ఎక్కువ. రెండూ కలిపితే చాలా ఇళ్లలో చివరికి ఒంటరిగా మిగిలేది ఆవిడే. కానీ ఊరు ఎంచుకునేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో ఆయనే! ఆయన ఊళ్లో, ఆయన బంధువుల మధ్య, ఆయన కారు నడిపితే తప్ప బజారుకు వెళ్లలేని కాలనీలో ఇల్లు కడతారు. ఆయన పోయాక కారు షెడ్డులో ఉంటుంది. ఆవిడ కిటికీ దగ్గర ఉంటుంది. పిల్లలు ‘వచ్చేయమ్మా’ అంటారు. సొంతిల్లు వదిలేసి, ఏడాదిలో సగం ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర సూట్‌కేసుతో తిరగడం మొదలవుతుంది. మనకు తెలిసినవాళ్లలో ఇలాంటి పెద్దావిడ ఒక్కరైనా లేని కుటుంబం ఉందా?

డబ్బు లెక్క కూడా మారుతుంది. పాత పెన్షన్ విధానంలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఆఖరి మూలవేతనంలో సగం పెన్షన్ అనుకుంటే, ఆయన తరవాత భార్యకు వచ్చే మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. కరువు భత్యం దానిమీద లెక్క. మొదట్లో కొన్నేళ్లు ఎక్కువ మొత్తం వచ్చే వెసులుబాటున్నా, ఆ తరవాత ఆ 30 శాతమే. అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్, వాచ్‌మన్, పనిమనిషి, కరెంటు... ఇవేవీ ఆయనతోపాటు తగ్గవు. ఈ రోజు ఇద్దరి పెన్షన్‌తో సరిపోతున్న ఊరు, రేపు ఒక్కరి ఫ్యామిలీ పెన్షన్‌తో సరిపోతుందా? కాగితం మీద లెక్క వేసి చూడాలి. ఇల్లు ఇద్దరి పేరా ఉండాలి. పెన్షన్ ఖాతా జాయింటుగా ఉండాలి.

ఇలా ఆలోచిస్తే ఊళ్ల వరసే మారిపోతుంది. సముద్రం కనిపించే ఫ్లాటు కిందికి దిగుతుంది. నడిచివెళ్లే దూరంలో కూరగాయల బజారు, గుడి, మందుల షాపు, ఆటోస్టాండు ఉన్న పాతపేటలో రెండు గదుల ఇల్లు పైకి వస్తుంది. ఆవిడ అక్కచెల్లెళ్లలో ఒకరున్న ఊరు పైకి వస్తుంది. వీధిలో పది తలుపులు తడితే అయిదు తెరుచుకునే ఊరు అన్నిటికన్నా పైకి వస్తుంది. అది తెనాలి కావచ్చు, ప్రొద్దుటూరు కావచ్చు, విజయనగరం కావచ్చు. ‘ఉండటానికి బాగుండే ఊళ్లు’ అని ఎవరూ జాబితాలు రాయని ఊరే కావచ్చు. భార్య ముందుగా పోయి ఆయన మిగిలినా ఇదే కొలత. వంట రాని మనిషికి టిఫిన్ క్యారియర్ పంపే ఇల్లు వీధిలో ఉందా అన్నదే అప్పుడు ప్రశ్న.

ముందు అద్దెకు

మనవాళ్లకు అద్దె ఇల్లంటే చిన్నతనం. రిటైరయ్యాక కూడా అద్దెకా అంటారు. కానీ కొత్త ఊరిని అర్థం చేసుకోవడానికి ఏడాది అద్దెను మించిన దారి లేదు. కొత్త ఇంటి రిజిస్ట్రేషన్ ఖర్చుతో పోలిస్తే ఏడాది అద్దె పెద్ద భారమేం కాదు. ఆ ఏడాదిలో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక జ్వరం, ఒక పండగ వస్తాయి. పనిమనిషి మానేస్తుంది. కరెంటు పోతుంది. పొరుగువాళ్లు ఏమిటో తెలుస్తుంది. అన్నీ చూశాక కూడా ఆ ఊరే కావాలనిపిస్తే నిశ్చింతగా కట్టుకోవచ్చు. ఏడాదయ్యేదాకా పాత ఇల్లు అమ్మకండి. హైదరాబాదులో అమ్మేసిన ఫ్లాటును అదే ధరకు మళ్లీ కొనడం ఎవరివల్లా కాదు.

ఈలోగా ఒక పని చేయండి. ఆయనొక కాగితం, ఆవిడొక కాగితం తీసుకుని, ఒకరిది ఒకరు చూడకుండా, ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

• రోజూ పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నేనెక్కడ ఉండాలనుకుంటున్నాను?

• ఒంట్లో బాగాలేకపోతే అర్ధరాత్రి తలుపు తట్టగలిగే మనిషి ఏ ఊళ్లో ఉన్నారు?

• ఇంకొకరి సాయం లేకుండా నేనొక్కణ్నే, లేదా నేనొక్కదాన్నే బజారుకు, బ్యాంకుకు, డాక్టరు దగ్గరికి వెళ్లి రాగలిగే ఊరేది?

• ఎండ, ఉక్క, చలి, వాన... వీటిలో నేను అసలు తట్టుకోలేనిది ఏది?

• పిల్లలు నెలకోసారి రాగలిగే ఊరేది?

• రేపు నేనొక్కదాన్నే, లేదా నేనొక్కణ్నే మిగిలితే ఏ ఊళ్లో ఉంటాను?

రాశాక కాగితాలు మార్చుకోండి. మొదటి అయిదింటిలో తేడాలు వస్తే వాదించుకోవచ్చు, నవ్వుకోవచ్చు, సర్దుకోవచ్చు. ఆరో ప్రశ్న దగ్గర మాత్రం ఆయన ఆవిడ జవాబును రెండుసార్లు చదవాలి. ఇల్లు ఎక్కడ కట్టాలన్నది అక్కడ రాసి ఉంటుంది.